యూకేలో షాపు చేతులు మారినప్పుడు సిగరెట్ల ఐడీ కూడా మారాలా?

ప్రశ్న: "ఇంగ్లండ్‌లో నడుస్తున్న ఒక కన్వీనియెన్స్ స్టోర్ తీసుకుంటున్నాం. టొబాకో ఐడీలు తనవే వాడుకోమని పాత ఓనర్ అంటున్నాడు. ఉన్న సిగరెట్ల స్టాక్ కూడా తక్కువకే వదిలేస్తాడట. అసలు ఈ ఐడీలు ఏమిటి? ప్రతి ప్యాకెట్టూ మేం స్కాన్ చేయాలా? ఐడీ లేకుండా కొన్నాళ్లు నడపొచ్చా?"

ముందు సూటిగా చెప్పేస్తాను. పాత ఓనర్ ఐడీలు వాడొద్దు, మీ పేరు మీద కొత్తవి తీసుకోండి. స్కాన్ చేసే పని మీకు లేదు. ఐడీ లేకుండా ఒక్క రోజు కూడా సిగరెట్లు కొనొద్దు. ఇక ఆ తక్కువ ధర స్టాక్ విషయం చివర్లో వివరంగా రాస్తాను. మీరు అడిగిన వాటన్నిటిలో అసలు ప్రమాదం అందులోనే ఉంది.

నేను లెస్టర్ వైపు చిన్న షాపు నడుపుతున్నాను. చదువుకోవడానికి వచ్చి, అదే షాపులో సాయంత్రాలు కౌంటర్ మీద పనిచేసి, పెద్దాయన రిటైరయ్యాక లీజు నా పేరు మీదికి మార్చుకున్నాను. కాబట్టి మీరు ఇప్పుడు ఉన్న చోట నేనూ నిలబడి ఉన్నాను. ఇంకో సంగతి కూడా ఉంది. మాది ప్రకాశం జిల్లా, కొండపి దగ్గర. నాన్న పొగాకు రైతు. ఈ ఐడీలన్నీ ట్రాకింగ్ కోసమే, అంటే సిగరెట్లు ఫ్యాక్టరీ నుంచి షాపు దాకా ఎటు పోతున్నాయో రికార్డు చేయడానికే. దాని గురించి చదివినప్పుడల్లా నాకు రెండు కొసలూ కనబడతాయి.

ఐడీలు రెండు. మొదటిది ఎకనమిక్ ఆపరేటర్ ఐడీ, అందరూ ఈఓఐడీ అంటారు. అది వ్యాపారానిది, అంటే మీ లిమిటెడ్ కంపెనీది, లేదా కంపెనీ లేకుండా సొంత పేరు మీద, సోల్ ట్రేడర్‌గా పెట్టుకుంటే మీది. రెండోది ఫెసిలిటీ ఐడీ, ఎఫ్ఐడీ. అది స్థలానిది. ఒక కంపెనీకి మూడు షాపులుంటే ఈఓఐడీ ఒకటే, ఎఫ్ఐడీలు మాత్రం మూడు. సిగరెట్లు దాచే గోడౌన్ వేరే చిరునామాలో ఉంటే దానికీ ఒకటి కావాలి. యూకే కోసం నియమించిన ఐడీ జారీ సంస్థ వెబ్‌సైట్‌లో దరఖాస్తు పెట్టాలి. వ్యాపారం పేరు, చిరునామా, ఈమెయిల్, వ్యాట్ రిజిస్ట్రేషన్ ఉందో లేదో, పన్ను నంబరు, షాపు చిరునామా అడుగుతారు. దరఖాస్తు అందాక రెండు పనిదినాల్లో కోడ్‌లు పంపాలన్నది నియమం. నా దగ్గర ఎవరూ డబ్బు తీసుకోలేదు. "నేను చేయించి పెడతా, ఇంత ఇవ్వు" అనే వాళ్లు మన వాళ్లలో కూడా ఉంటారు, వాళ్ల జోలికి పోకండి. మీరు ఒప్పుకుంటే హోల్‌సేలర్ కూడా మీ తరఫున రిజిస్టర్ చేయొచ్చు, నిబంధనల్లోనే ఆ వీలుంది. కానీ మీ చేత్తో మీరు చేసుకోవడమే మంచిది. ఎందుకంటే ఐడీతో పాటు ఒక కన్ఫర్మేషన్ కోడ్ వస్తుంది. తర్వాత ఏ వివరం మార్చాలన్నా, షాపు మూసేస్తున్నామని చెప్పాలన్నా అదే అడుగుతారు. అది ఇంకొకరి ఈమెయిల్‌లో ఉండిపోతే వాళ్ల చుట్టూ తిరగాల్సి వస్తుంది.

నాకు తెలిసిన ఒకాయన బర్మింగ్‌హామ్ అవతల షాపు తీసుకుని, ఇప్పుడు మీకు చెబుతున్నట్టే, పాత ఓనర్ ఐడీలున్న హోల్‌సేల్ కార్డు మీదే కొనుగోళ్లు సాగించాడు. కొన్నాళ్లు ఏ ఇబ్బందీ రాలేదు. ఆ పాత ఓనర్ తన వ్యాపారం ముగిసిందని ఐడీ జారీ సంస్థ దగ్గర నమోదు చేయించిన తర్వాత క్యాష్ అండ్ క్యారీ (షాపుల వాళ్లు వెళ్లి కొనే హోల్‌సేల్ దుకాణం) కౌంటర్‌లో ఈయన సరుకు ఆగిపోయింది. శుక్రవారం సాయంత్రం, వారం మొత్తంలో గిరాకీ ఎక్కువుండే పూట, ఖాళీ అరలతో నిలబడ్డాడు. డబ్బు నష్టం సంగతి అలా ఉంచండి, అన్నాళ్లూ ఆయన కొన్న ప్రతి ఔటరూ (పది ప్యాకెట్ల కట్ట) రికార్డులో వేరే మనిషి పేరు మీద నమోదై ఉంది. రేపు ఎవరైనా వచ్చి అడిగితే ఆ సరుకు మీదేనని చూపించడానికి ఏ కాగితం ఉంటుంది?

ఇదంతా ఎందుకు పెట్టారో తెలిస్తే నియమాలు గుర్తుపెట్టుకోవడం తేలిక. 1990ల్లో యూరప్‌లో దొంగ సిగరెట్లంటే చాలావరకు నకిలీవి కావు. పెద్ద కంపెనీల ఫ్యాక్టరీల్లో తయారైన అసలు సరుకే. ఎగుమతి పేరుతో పన్ను కట్టకుండా బయటికి వెళ్లి, దారి మళ్లి అదే మార్కెట్లోకి తిరిగొచ్చేది. మధ్యలో ఏ చేతి దగ్గర తప్పుకుందో చెప్పే రికార్డు లేదు. 2004లో ఫిలిప్ మోరిస్ ఇంటర్నేషనల్ కంపెనీ యూరోపియన్ కమిషన్‌తో ఒప్పందం చేసుకుని, 12 ఏళ్లలో 125 కోట్ల డాలర్లు చెల్లించడానికీ, తన సరుకు ఎటు పోతోందో కనిపెట్టడానికీ ఒప్పుకుంది. తర్వాత ఆ కంపెనీ కోడెంటిఫై అని ఒక కోడ్ పద్ధతి తయారు చేసి మిగతా పెద్ద కంపెనీలకూ ఇచ్చింది. కానీ ఎవరి మీద నిఘా పెట్టాలో వాళ్ల చేతికే నిఘా పుస్తకం ఇవ్వడం ఏమిటని ఆరోగ్య సంఘాలు గట్టిగా అడ్డు చెప్పాయి. అది న్యాయమైన మాట. 2012లో దక్షిణ కొరియా రాజధాని సోల్‌లో ఆమోదించిన, పొగాకు దొంగ వ్యాపారాన్ని ఆపే అంతర్జాతీయ ప్రోటోకాల్‌లో (ఒప్పందంలో) ట్రాకింగ్ బాధ్యత ప్రభుత్వాలదేననీ, దాన్ని పొగాకు పరిశ్రమకు అప్పగించకూడదనీ రాశారు. 2018 సెప్టెంబర్ 25న అది అమల్లోకి వచ్చింది. భారతదేశం, యూకే రెండూ 2018లోనే అందులో చేరాయి.

యూరోపియన్ యూనియన్ తన 2014 పొగాకు ఆదేశం కింద ట్రాకింగ్‌ను 2019 మే 20న మొదలుపెట్టింది. యూకే అప్పటికింకా యూనియన్‌లోనే ఉంది కాబట్టి ఇక్కడా అదే రోజు మొదలైంది. బ్రెగ్జిట్ తర్వాత యూకే సొంత వ్యవస్థ నడుపుతోంది, నార్తర్న్ ఐర్లాండ్‌కు మాత్రం యూరప్ నిబంధనలతో ముడి అలాగే ఉంది. మొదట సిగరెట్లు, చుట్టుకునే పొగాకు వరకే ఉండేది. 2024 మే 20 నుంచి సిగార్లు, పైపు పొగాకు, హుక్కా పొగాకు, నమిలే పొగాకు, నశ్యం అన్నీ దీని కిందికి వచ్చాయి.

ఇప్పుడు స్కానింగ్ సంగతి. ప్యాకెట్ మీ అరలోకి ఎలా వస్తుందో చూడండి. ఫ్యాక్టరీ వాళ్లు ఐడీ జారీ సంస్థ దగ్గర కోడ్‌లు కొని ప్రతి ప్యాకెట్ మీదా ఒక్కో కోడ్ అచ్చు వేస్తారు. అది ఏ ఫ్యాక్టరీలో, ఏ మెషీన్ మీద, ఏ తేదీ ఏ గంటకు తయారైందో, ఏ దేశంలో అమ్మడానికి ఉద్దేశించిందో ఆ కోడ్ ద్వారా తెలుస్తుంది. పది ప్యాకెట్లు ఒక ఔటర్. దానికీ సొంత కోడ్ ఉంటుంది. అలాంటివి యాభై కలిస్తే ఒక పెద్ద అట్టపెట్టె, అంటే 10,000 సిగరెట్లు. దానికీ ఒక కోడ్, ఆపైన ప్యాలెట్‌కూ ఒకటి. పెద్దదాన్ని స్కాన్ చేస్తే లోపల ఏమున్నాయో వ్యవస్థకు తెలుస్తుంది. గోడౌన్ దాటినప్పుడల్లా, చేతులు మారినప్పుడల్లా ఆ కదలిక నమోదు కావాలి. ఈ గొలుసు షాపు గుమ్మం దగ్గర ఆగుతుంది. చివరి స్కాన్ హోల్‌సేలర్‌ది. క్యాష్ అండ్ క్యారీలో టొబాకో గది విడిగా ఉంటుంది, లోపలికి మనల్ని రానివ్వరు. కిటికీ దగ్గర ఆర్డర్ ఇస్తే లోపలి మనిషి ఔటర్లు ఒక్కోటీ రీడర్ కింద పెడతాడు. ఆ క్షణంలో ఆ ఔటర్ల కోడ్‌లు మీ ఎఫ్ఐడీకి జతపడతాయి. అందుకే వాళ్లు అకౌంట్ తెరిచేటప్పుడే రెండు ఐడీలూ అడుగుతారు. మీరు కౌంటర్‌లో కస్టమర్‌కు అమ్మేటప్పుడు కొట్టేది మామూలు బార్‌కోడే, దానికీ దీనికీ సంబంధం లేదు.

దీన్నుంచి పుట్టే చిక్కు ఒకటుంది, మన వాళ్లు పెద్దగా పట్టించుకోరు. పక్క ఊళ్లో బావమరిది షాపులో ఒక బ్రాండ్ అయిపోతుంది. "రెండు ఔటర్లు ఇవ్వు, రేపు ఇచ్చేస్తా" అంటాడు. బిస్కెట్లయితే ఇవ్వండి. సిగరెట్లు వద్దు. మీరు వేరే షాపుకు సరుకు ఇస్తే మీరు చిల్లర వ్యాపారిగా ఉండరు, సరఫరాదారు అవుతారు. అప్పుడు స్కాన్ చేసి నమోదు చేసే బాధ్యతలన్నీ మీ మీద పడతాయి. మీకే రెండు షాపులున్నా ఏ షాపుకు ఆ షాపు ఎఫ్ఐడీ మీదే కొనండి. లేకపోతే రికార్డు ఒక చోటు చూపిస్తుంది, సరుకు ఇంకో చోట దొరుకుతుంది.

మా ఊరి వేలం కేంద్రం చూసినవాళ్లకు ఇందులో కొత్తేమీ కనిపించదు. పొగాకు బోర్డు 1976 నుంచి గుంటూరులో ఉంది. వర్జీనియా పొగాకు వేయాలంటే రైతు బోర్డు దగ్గర రిజిస్టర్ కావాలి, ఆకు కాల్చే బ్యారన్‌కు లైసెన్స్ ఉండాలి, ఆ ఏడు ఎంత పండించవచ్చో ముందే చెబుతారు. వేలానికి తెచ్చిన బేళ్లను వరసలుగా పేరుస్తారు. ఒక్కో బేలుకు నంబరు, తూకం, గ్రేడు, పలికిన ధర, కొన్న కంపెనీ, అన్నీ కాగితం మీదికి ఎక్కుతాయి. ఎవరూ పాడని బేలు నోబిడ్ అని తిరిగి ట్రాక్టర్ ఎక్కేది, నాన్న ఆ రోజు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. రైతు దగ్గర ఇంత గట్టిగా లెక్క ఉంది. అదే ఆకు సిగరెట్ అయ్యాక, దాని మీద లాభమూ పన్నూ ఎన్నో రెట్లు పెరిగాక, దాని దారి ఎవరికీ తెలియకుండా దశాబ్దాలు గడవడమే నన్ను ఆశ్చర్యపరుస్తుంది. ఇండియాలో కూడా 2025 ఫైనాన్స్ చట్టం జీఎస్టీ చట్టానికి 148ఏ అనే సెక్షన్ చేర్చింది. ప్రభుత్వం నోటిఫై చేసిన సరుకుల మీద విడివిడి గుర్తింపు కోడ్ వేయించే అధికారం అందులో ఉంది. ఊళ్లో కిరాణా కొట్టు ఉన్నవాళ్లు కూడా దీన్ని గమనిస్తూ ఉండాలి.

ఇక ఆ తక్కువ ధర స్టాక్.

ఇక్కడ ఇరవై సిగరెట్ల ప్యాకెట్ పదిహేను పౌండ్లకు అటూ ఇటూ ఉంది. అందులో అధిక భాగం పన్నే. మీకు మిగిలేది పెన్నీల్లో. అలాంటప్పుడు పాత ఓనర్ సిగరెట్లను కొన్న ధరకంటే గణనీయంగా తక్కువకు ఎందుకిస్తాడు? సిగరెట్ పాడైపోయే కూరగాయ కాదు, వేరే ఏ షాపుకు పోయినా పూర్తి ధర పలికే సరుకు. ఆ ఒక్క ప్రశ్నకు ఆయన దగ్గర సరైన జవాబు లేకపోతే అక్కడితో ఆపేయండి.

కొన్నేళ్ల కిందట మా వీధికి అవతల ఒక షాపులో తనిఖీ జరిగింది. ట్రేడింగ్ స్టాండర్డ్స్ (షాపుల్లో అమ్మకాలను తనిఖీ చేసే కౌన్సిల్ విభాగం) వాళ్లు కుక్కను తెచ్చారు. అది కూల్‌డ్రింక్స్ ఫ్రిజ్ పక్కన గోడ దగ్గర కూర్చుండిపోయింది. గోడ పలక ఊడదీస్తే వెనక అరలో సరుకు. అందులో రెండు రకాలున్నాయని తర్వాత మా షాపుకు మామూలు చెకింగ్‌కు వచ్చిన అధికారి ఒకరు వివరించారు. ఒక రకం వేరే దేశాల్లో తయారైన బ్రాండ్లు, యూకేలో చట్టబద్ధంగా ఎక్కడా అమ్మని పేర్లు. వాటి మీద యూకే కోడ్ ఉండే ప్రసక్తే లేదు. రెండో రకం మన బ్రాండ్లకు నకిలీలు. చూడ్డానికి అచ్చం అలాగే ఉంటాయి. అదే ముదురు గోధుమరంగు పెట్టె, అవే అక్షరాలు, అదే హెచ్చరిక బొమ్మ, "యూకే డ్యూటీ పెయిడ్" అన్న ముద్ర కూడా. ఆయన మా అరలోంచి ఒకే ఔటర్‌కు చెందిన రెండు ప్యాకెట్లు తీయించి ట్రాకింగ్ కోడ్ అచ్చయిన చుక్కల చతురస్రం పక్కన ఉండే సన్నటి అక్షరాల వరస చదవమన్నారు. రెండింటికీ చాలా భాగం ఒకటే, కొన్ని అక్షరాలు వేరు. నకిలీ చేసేవాడు ఒక అసలు ప్యాకెట్ కోడ్‌ను కాపీ కొట్టి వేలకొద్దీ అదే అచ్చేస్తాడు. ఔటర్ విప్పి చూస్తే పది ప్యాకెట్లకూ ఒకే వరస. స్టాక్ లెక్క పెట్టే రోజు మీరు చేత్తో చేసుకోగల పరీక్ష ఇది, మెషీన్ అక్కర్లేదు.

వేరుగా ఉన్నంత మాత్రాన అసలుదని తీర్మానించుకోకండి. తెలివైన నకిలీవాడు ఆ అక్షరాలూ మార్చగలడు. అందుకే కాగితం ముఖ్యం. ప్రతి ఔటర్‌కూ హోల్‌సేల్ ఇన్వాయిస్ ఉండాలి, దాని మీద పాత ఓనర్ వ్యాపారం పేరు ఉండాలి, తేదీలు, బ్రాండ్లు, సంఖ్యలు సరిపోవాలి.

శిక్షలు ముందులా లేవు. 2023 జూలై 20 నుంచి ఈ ట్రాకింగ్ నిబంధనలు మీరితే యూకే పన్నుల శాఖ హెచ్ఎంఆర్‌సీ 10,000 పౌండ్ల దాకా జరిమానా వేయగలదు, సరుకు పట్టుకోగలదు, మీ ఈఓఐడీ, ఎఫ్ఐడీలను నిలిపేయగలదు. తనిఖీ చేసేది స్థానిక ట్రేడింగ్ స్టాండర్డ్స్, కేసు హెచ్ఎంఆర్‌సీకి పంపుతారు. ఐడీ ఆగిపోతే మీరు ఎక్కడా చట్టబద్ధంగా పొగాకు కొనలేరు. దీనికి తోడు కోర్టు ద్వారా మూడు నెలల దాకా షాపు మూయించే ఉత్తర్వు తెచ్చుకునే దారి కౌన్సిల్‌కు ఉంది. ఆ మూడు నెలలూ అద్దె మాత్రం ఆగదు. వీధి అవతలి షాపు అలాగే పోయింది. ఆ కుటుంబం పిల్లల స్కూలు కూడా మార్చుకుని వేరే ఊరు వెళ్లిపోయింది.

మన వాళ్ల షాపుల్లో ఇంకో సమస్య ఉంది, దీని గురించి ఎవరూ గట్టిగా మాట్లాడరు కాబట్టి నేను మాట్లాడతాను. ఖైనీ, జర్దా, గుట్కా. ఊరి నుంచి వచ్చేవాళ్లు సూట్‌కేసులో తెస్తారు, "తెలిసినవాళ్లకు ఇవ్వు" అని కౌంటర్ కింద పెట్టి పోతారు. ఇవీ పొగాకు ఉత్పత్తులే. వీటి మీదా డ్యూటీ ఉంది, హెచ్చరికలు ఉండాలి, ఇప్పుడు ట్రాకింగ్ కూడా వర్తిస్తుంది. పైగా ఇవి నోటి క్యాన్సర్ తెచ్చే సరుకు. మా ఊళ్లో ఖైనీ వల్ల దవడ తీయించుకున్న మనిషిని నేను దగ్గరగా చూశాను. కొత్త షాపు తీసుకున్న రోజే కౌంటర్ కింద, స్టోర్ రూమ్ పై అరల్లో వెతికించి ఏమైనా ఉంటే పాత ఓనర్‌కే అప్పగించి పంపండి.

ఈ ట్రాకింగ్‌తో దొంగ సిగరెట్లు ఆగిపోయాయా అంటే, నా వీధిలో ఆగలేదు. నల్ల సంచీతో వచ్చి ఐదు పౌండ్లకు ప్యాకెట్ అమ్మే మనిషి ఏ ఐడీ తీసుకోలేదు, అతని సరుకు ఈ గొలుసులోకి ఎన్నడూ రాలేదు. గొలుసులో లేనిదాన్ని గొలుసు చూపించలేదు. కానీ చట్టబద్ధమైన సరుకు దారి మళ్లడం కష్టమైంది. ఇంకా ముఖ్యంగా, షాపు అరలో ఉన్న సరుకు అసలుదో కాదో అధికారి ఒక్క స్కాన్‌తో తేల్చగలడు. ముందు ఇది ల్యాబ్‌కు పంపి తేల్చే పని. సంచీ మనిషి దగ్గర కొనేవాళ్లలో స్కూలు పిల్లలు ఎక్కువ, అతను వయసు అడగడు కదా. నాకు ఈ వ్యవస్థ మీద ఉన్న పట్టుదల అంతా అందుకే. షాపుల్లో దొంగ సరుకు దొరకకుండా చేస్తే కనీసం సంచీ మనిషికి గోడౌన్‌గా పనికొచ్చే షాపులు తగ్గుతాయి.

మీరు చేయాల్సిన పని ఇది. లీజు ఒప్పందం తేదీ ఖాయం కాగానే మీ కంపెనీ పేరు మీద ఈఓఐడీ, ఆ చిరునామాకు ఎఫ్ఐడీ దరఖాస్తు పెట్టండి. ఐడీలు త్వరగానే వస్తాయి, హోల్‌సేల్ అకౌంట్ తెరవడమే ఆలస్యమవుతుంది. వాళ్లు లీజు కాపీ, కంపెనీ నంబరు, ఫోటో గుర్తింపు అడుగుతారు. కాబట్టి రెండూ ఒకేసారి మొదలుపెట్టండి. స్కాట్లాండ్‌లో అయితే పొగాకు, వేప్ అమ్మే షాపుల రిజిస్టర్ విడిగా ఉంది, అందులోనూ నమోదు కావాలి. వేప్‌లు కూడా అమ్ముతారనుకుంటే 2026 అక్టోబర్ 1 నుంచి వాటి ద్రవం మీద 10 మిల్లీలీటర్లకు 2.20 పౌండ్ల డ్యూటీ, స్టాంపు వస్తున్నాయి. పాత ఓనర్ దగ్గర స్టాంపు లేని వేప్‌లు గుట్టగా తీసుకోవద్దు.

మీ సాలిసిటర్‌తో (లాయర్‌తో) ఒప్పందంలో ఈ మాట రాయించండి: పొగాకు స్టాక్‌లో ఇన్వాయిస్ ఉన్నది మాత్రమే వాల్యుయేషన్‌లోకి వస్తుంది, మిగతాది కంప్లీషన్ రోజుకు, అంటే షాపు మీ చేతికి వచ్చే రోజుకు ముందే అమ్మకందారు తీసుకెళ్లిపోవాలి. స్టాక్ లెక్కించే రోజు లెక్క పెట్టే మనిషితో పాటు మీరూ టొబాకో అర ముందు నిలబడి ఔటర్లు విప్పించి చూడండి. పాత ఓనర్ దీనికి మొహం మాడ్చుకుంటే సిగరెట్లు మొత్తం వదిలేసి ఖాళీ అరతో తాళం తీసుకోండి. మొదటి ఆర్డర్ మీ ఎఫ్ఐడీ మీదే వస్తుంది.